పదో తరగతి అమ్మాయి, యూటీఆర్ 8.1: కాలేజీ టెన్నిస్‌లో ఎంత ఆశించవచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నారు. అమ్మాయి పదో తరగతి, యూటీఆర్ (యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్, ఆట స్థాయిని చెప్పే అంకె) 8.1, జీపీఏ (మార్కుల సగటు) 3.9. మూడేళ్లుగా టెన్నిస్ మీద ఏడాదికి ముప్పై వేల డాలర్ల దాకా ఖర్చవుతోంది. ఈమధ్య రెండు డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై శ్రేణి; డివిజన్ 2, 3 దాని తర్వాతివి) కాలేజీల కోచ్‌ల నుంచి క్యాంపుకు రమ్మని మెయిల్స్ వచ్చాయి. ఫుల్ స్కాలర్‌షిప్ గానీ ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పేరున్న యూనివర్సిటీలు) సీటు గానీ వస్తుందని మీరు అనుకుంటున్నారు, మీ ఆవిడ అంత ఆశ పెట్టుకోవద్దంటున్నారు. మీరు హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) సంగతి కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ అమ్మాయి కాలేజీ జట్టులో ఆడగలదు, అందులో నాకు అనుమానం లేదు. పేరున్న డివిజన్ 1 కాలేజీలో ఫుల్ స్కాలర్‌షిప్ మాత్రం ఇప్పుడున్న స్థాయికి అందదు. టెన్నిస్ ద్వారా ఐవీ సీటు రావాలంటే పదకొండో తరగతి చివరికల్లా యూటీఆర్ కనీసం 9.5 దాటాలి, కొన్ని జట్లకు 10 కావాలి. ఆమెకు నిజంగా తెరిచి ఉన్న దారులు మూడు. చదువులో పేరున్న డివిజన్ 3 కాలేజీలు మొదటిది, డివిజన్ 2 లో పాక్షిక స్కాలర్‌షిప్ రెండోది, డివిజన్ 1 లో కింది వరుస జట్లలో పాక్షిక సాయం మూడోది. ఈ మూడూ మంచివే. "ఇంతేనా" అనే మొహంతో వాటిని చూస్తే అది ముందుగా అమ్మాయికే తెలిసిపోతుంది.

ఇక లెక్కలోకి వద్దాం. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఒకే చోట. వాళ్లు అమ్మాయి ర్యాంకు వైపు నుంచి చూస్తారు. కోచ్ మాత్రం తన జట్టులో ఆ ఏడాది ఎన్ని ఖాళీలున్నాయన్న వైపు నుంచి చూస్తాడు. మీ అంచనా ఖాళీల నుంచి మొదలవ్వాలి.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మీద క్రీడాకారులు వేసిన దావాలో, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం తర్వాత, ఆ ఒప్పందంలో చేరిన డివిజన్ 1 కాలేజీల్లో టెన్నిస్ జట్టుకు గరిష్ఠంగా పది మందే ఉండాలి. నాలుగేళ్ల చదువు కాబట్టి సగటున ఏడాదికి రెండు, మూడు ఖాళీలు. అందులో ఒకటి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే క్రీడాకారుల జాబితా) నుంచి వచ్చే, ఇప్పటికే రెండేళ్లు కాలేజీ టెన్నిస్ ఆడిన అమ్మాయికి పోతుంది. డివిజన్ 1 టెన్నిస్‌లో సగానికి మించి విదేశీ క్రీడాకారులే, కనుక ఇంకొకటి యూరప్ నుంచో దక్షిణ అమెరికా నుంచో వచ్చే అమ్మాయికి పోతుంది. అమెరికాలో హైస్కూల్ ముగించుకుని వచ్చేవాళ్లకు మిగిలేది ఒక్కటి, ఒక్కో ఏడాది అదీ ఉండదు.

పై స్థాయి ఎలా ఉంటుందో రెండు పేర్లు చాలు. 2021 లో జూనియర్ వింబుల్డన్ గెలిచిన సమీర్ బెనర్జీ ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చేరాడు. నెల్లూరు మూలాలున్న కుటుంబంలో పుట్టిన నిశేష్ బసవారెడ్డి కూడా స్టాన్‌ఫర్డ్ జట్టుకే ఆడి, 2024 చివర్లో ప్రొఫెషనల్‌గా మారి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్‌లో జొకోవిచ్‌తో తలపడ్డాడు. ఆ స్థాయి ఆటగాళ్లు కాలేజీ జట్లలో చేరుతున్నప్పుడు "మా అమ్మాయి స్టేట్‌లో ఫలానా ర్యాంకు" అన్న మాటకు అక్కడ బరువుండదు. అబ్బాయిల ఉదాహరణ చెప్పినా, అమ్మాయిల జట్లలోనూ పోటీ తీరు ఇంతే.

ఈ శనివారం కూర్చుని చేయాల్సిన పని చెబుతాను. ఒక కాలేజీ మహిళల జట్టు పేజీ తెరవండి. గత నాలుగేళ్ల రోస్టర్లు (జట్టు సభ్యుల జాబితాలు) అక్కడే దొరుకుతాయి. ఏటా కొత్తగా ఎంత మందిని తీసుకున్నారో, వాళ్లలో అమెరికా హైస్కూళ్ల నుంచి ఎందరో, విదేశాల నుంచి ఎందరో, వేరే కాలేజీ నుంచి మారి వచ్చినవాళ్లు ఎందరో రాసుకోండి. ఇప్పటి రోస్టర్ ఒక్కటే చూస్తే సరిపోదు. మీ అమ్మాయి చేరేనాటికి ఇప్పటి ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాదివాళ్లు) సీనియర్లై (నాలుగో ఏడాదిలో) ఉంటారు, మిగతావాళ్లంతా వెళ్లిపోతారు. అందుకే ఆ కోచ్ ఎవరిని తీసుకునే అలవాటున్నవాడో తెలియాలి. నాలుగేళ్లలో ఒక్క అమెరికన్ హైస్కూల్ అమ్మాయిని కూడా తీసుకోని కోచ్ మీ అమ్మాయి కోసం అలవాటు మార్చుకోడు. ఆ కాలేజీ పేరు కొట్టేయండి.

తర్వాత ఆ జట్టు సింగిల్స్‌లో నాలుగు, ఐదు, ఆరు స్థానాల్లో ఆడే అమ్మాయిల యూటీఆర్ చూడండి. జట్ల మధ్య పోటీలో ఆరు సింగిల్స్ ఉంటాయి, డబుల్స్ అంతా కలిపి ఒక పాయింటు. కొత్తగా తీసుకునే అమ్మాయి కనీసం ఆరో స్థానానికి దగ్గరగా ఉండాలని కోచ్ కోరుకుంటాడు. ఆరో అమ్మాయి 9.4 ఉంటే 8.1 తో మెయిల్ రాసినా జవాబు ఆశించకండి. 8.6 ఉంటే రాయొచ్చు, ఎందుకంటే అమ్మాయికి ఇంకా రెండేళ్ల ఎదుగుదల ఉంది. ఈ వయసులో ఏడాదికి అర పాయింటు పెరిగితే మంచి పురోగతే. ఒక పాయింటు పెరిగితే చాలా గొప్ప. కనుక లెక్క వేసేటప్పుడు పన్నెండో తరగతి మొదలయ్యే నాటికి 8.8 అనుకుని వేయండి. 9.8 అనుకుని జాబితా తయారు చేస్తే ఆ జాబితా అంతా వృథా అవుతుంది.

యూటీఆర్ గురించి ఇక్కడే ఒక మాట. అది గత 12 నెలల్లో ఆడిన చివరి 30 మ్యాచ్‌ల మీద వస్తుంది. గెలుపోటములే కాక, ఎదుటివాళ్ల స్థాయిని బట్టి ఎన్ని గేములు రావాలో, ఎన్ని వచ్చాయో కూడా చూస్తుంది. నంబర్ పడిపోతుందని టోర్నమెంట్లు మానిపించే తల్లిదండ్రులున్నారు. కోచ్ నంబర్ ఒక్కటే చూడడు, మ్యాచ్‌ల చరిత్ర అంతా తెరిచి చూస్తాడు. మూడు నెలలు ఖాళీ కనిపిస్తే గాయమా, తప్పించుకోవడమా అని అడుగుతాడు. తనకంటే అర పాయింటు పైనున్నవాళ్ల మీద 4-6, 5-7 తో ఓడిన మ్యాచ్ కోచ్‌కి మంచి సమాచారమే. దాన్ని దాచాల్సిన పని లేదు.

ఆ క్యాంపు మెయిల్స్. వాటిని కోచ్ ఆసక్తికి గుర్తుగా లెక్కపెట్టకండి. టెన్నిస్ సహా చాలా ఆటల్లో, డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి ముగిశాక వచ్చే జూన్ 15 దాకా రిక్రూటింగ్ గురించి సొంతంగా రాయకూడదు, ఫోన్ చేయకూడదు. కానీ క్యాంపు ప్రకటనలు, ప్రశ్నావళులు ఎప్పుడైనా పంపొచ్చు. అవి వందల మందికి ఒకేసారి వెళ్తాయి, క్యాంపు ఫీజు జట్టు సిబ్బందికి ఆదాయం కూడా. అసలు ఆసక్తి మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అమ్మాయి ఆడిన ఫలానా మ్యాచ్ ప్రస్తావించి రాసిన మెయిల్ ఒక మెట్టు. ట్రాన్స్‌క్రిప్ట్ (స్కూలు మార్కుల రికార్డు) పంపమనడం ఇంకో మెట్టు. ఫోన్‌లో అరగంట మాట్లాడి రెండు వారాల్లో మళ్లీ ఫోన్ చేయడం దానికి పైది. ఆగస్టు 1 తర్వాత, అంటే పదకొండో తరగతి మొదట్లో, కాలేజీ ఖర్చుతో అఫీషియల్ విజిట్‌కి పిలిస్తే మీరు చిన్న జాబితాలో ఉన్నట్టు. అంకెతో సహా కాగితం మీద వస్తేనే ఆఫర్. "వుయ్ లవ్ యువర్ గేమ్" అన్నది మర్యాద మాట, ఆఫర్ కాదు.

జూన్ 15 ఉదయం ఫోన్ మోగకపోతే ఇంట్లో మౌనం ఆవరిస్తుంది. ఆ రోజు ఫోన్లు వెళ్లేది ఏ జట్టు జాబితాలోనైనా మొదటి నలుగురైదుగురికే. 8.1 స్థాయి అమ్మాయిలకు సంభాషణలు పదకొండో తరగతి శీతాకాలంలో మొదలై, పన్నెండో తరగతి ముందు వేసవిలో వేడెక్కుతాయి. డివిజన్ 3 లో ఇంకా ఆలస్యం. డివిజన్ 3 కోచ్‌లు మెయిల్ ఎప్పుడైనా రాయొచ్చు గానీ, తమ జాబితాకు పైనున్న అమ్మాయిలు డివిజన్ 1 కి వెళ్లిపోయారో లేదో తేలేవరకు ఆగుతారు. ఈ సంగతి అమ్మాయికి జూన్ 14 న కాదు, ఇప్పుడే చెప్పండి.

డబ్బు విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సమాచారం చాలావరకు పాతది. 2024-25 దాకా డివిజన్ 1 మహిళల టెన్నిస్‌లో జట్టుకు ఎనిమిది స్కాలర్‌షిప్‌లు ఉండేవి, ఎవరికిచ్చినా ఫుల్లే ఇవ్వాలి. "అమ్మాయిలకైతే ఫుల్ రైడ్" అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. ఇప్పుడు ఒప్పందంలో చేరిన కాలేజీలు పది మందికీ ఇవ్వొచ్చు, ముక్కలుగా పంచొచ్చు, అసలు ఇవ్వకనూ పోవచ్చు. అదే సమయంలో క్రీడాకారులకు నేరుగా పంచే డబ్బు మొదటి ఏడాది కాలేజీకి 2.05 కోట్ల డాలర్ల వరకు ఉండొచ్చన్నారు. అది ఎక్కువగా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వైపు పోతుంది. చిన్న ఆటల బడ్జెట్ బిగుసుకుంటోంది. మీ రాష్ట్రంలోనే టెక్సస్ యూనివర్సిటీ ఎల్ పాసో శాఖ 2025 లో మహిళల టెన్నిస్ జట్టును రద్దు చేసింది. కాబట్టి విజిట్‌లో "ఈ జట్టుకు వచ్చే నాలుగేళ్ల నిధులెలా ఉన్నాయి" అని అడగడం తప్పు కాదు.

డివిజన్ 2 లో మహిళల జట్టుకు ఆరు ఫుల్ స్కాలర్‌షిప్‌లకు సమానమైన మొత్తం దాకా ఉంటుంది. దాన్ని ఎనిమిది, పది మందికి పంచుతారు, అన్ని కాలేజీలూ ఆ ఆరూ నింపవు. డివిజన్ 3 లో, ఐవీల్లో ఆట పేరు మీద ఒక్క డాలర్ కూడా ఇవ్వరు. డివిజన్ 3 లో చదువుకిచ్చే మెరిట్ సాయం, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం ఉంటాయి. ఐవీల్లో రెండోది ఒక్కటే. 3.9 జీపీఏ ఉన్న అమ్మాయికి చాలా డివిజన్ 3 కాలేజీల మెరిట్ సాయం, కింది వరుస డివిజన్ 1 కోచ్ ఇచ్చే 25 శాతం కంటే ఎక్కువే రావొచ్చు. పైగా అది ఆటతో ముడిపడి ఉండదు. మోకాలు దెబ్బతిన్నా, కోచ్ మారినా పోదు.

అందుకే ప్రతి కాలేజీకి మూడు వరుసలు రాయండి: నాలుగేళ్ల మొత్తం ఖర్చు, అందులో ఆటతో సంబంధం లేని సాయం, ఆట ద్వారా వచ్చే సాయం. నాలుగోదిగా టెక్సస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఇన్-స్టేట్ (రాష్ట్రవాసులకుండే) ఫీజు రాసి పక్కన పెట్టండి. ఏడాదికి ఎనభై ఐదు వేల డాలర్లయ్యే ప్రైవేట్ కాలేజీలో 30 శాతం తగ్గినా మీ చేతి నుంచి అరవై వేలు పోతాయి. ఆ కాగితం చూశాక "స్కాలర్‌షిప్ వచ్చింది" అన్న మాట అర్థం మారుతుంది. ఆఫర్ వస్తే అది ఒక ఏడాదికా నాలుగేళ్లకా, ఏ కారణంతో తగ్గించవచ్చు అన్నవి రాతలో తీసుకోండి. నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే పాత పత్రం 2024 అక్టోబర్‌లోనే పోయింది, ఇప్పుడు కాలేజీతో చేసుకునే ఆర్థిక సాయం ఒప్పందమే ముఖ్యం. నోటిమాట ఒప్పుకోలు ఇరువైపులా ఎవరినీ కట్టిపడేయదు.

ఇప్పటిదాకా పెట్టిన తొంభై వేలను ఈ లెక్కలోకి తేకండి. అది అమ్మాయి ఆట నేర్చుకోవడానికి, ఎదగడానికి పెట్టిన ఖర్చు. స్కాలర్‌షిప్‌తో తిరిగి రాబట్టాలన్న ఆలోచన ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే, ప్రతి డబుల్ ఫాల్ట్‌కీ ఒక ధర పడినట్టే అమ్మాయికి అనిపిస్తుంది.

హెచ్-4 సంగతి. దీని మీద నిర్ణయాలు ఆధారపడతాయి కాబట్టి జాగ్రత్తగా చదవండి. క్రీడా స్కాలర్‌షిప్, మెరిట్ సాయం తీసుకోవడానికి హెచ్-4 అడ్డు కాదు. కానీ ఫెడరల్ ఆర్థిక సాయానికి అర్హత ఉండదు. ప్రైవేట్ కాలేజీలు ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయంలో చాలాచోట్ల హెచ్-4 పిల్లలను అంతర్జాతీయ విద్యార్థులుగా లెక్కిస్తారు. అక్కడ డబ్బు అడిగినందువల్ల సీటు అవకాశమే తగ్గొచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ లాంటి కొన్ని మాత్రం పౌరసత్వం చూడకుండా ఒకే తీరుగా చూస్తాయి. ప్రతి కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసుకు మీరే రాసి అడగండి, కోచ్‌ని నమ్ముకోవద్దు. కోచ్‌లకు వీసా రకాల తేడా తెలియకపోవడం మామూలే. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, చదువు మధ్యలో విద్యార్థి వీసా ఎఫ్-1 కి మారాల్సి రావొచ్చు. పేరు, బొమ్మ వాడుకోనిచ్చి సంపాదించే ఎన్ఐఎల్ డబ్బు హెచ్-4 లో గానీ ఎఫ్-1 లో గానీ పని కింద లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. ఇంకొకటి, స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, ఫీజులు, పుస్తకాల భాగానికి పన్ను లేదు. గది, భోజనం భాగం మాత్రం ఆదాయంగా లెక్కిస్తారు.

మీ కుటుంబానికి బాగా సరిపోయేది చదువులో బలమైన డివిజన్ 3 అని నా అభిప్రాయం, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. ఎమ్ఐటీ, యూనివర్సిటీ ఆఫ్ చికాగో, ఎమరీ, కార్నెగీ మెలన్, వాషింగ్టన్ యూనివర్సిటీ ఇన్ సెయింట్ లూయిస్, పొమోనా, విలియమ్స్, మీ రాష్ట్రంలోనే శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ, ఇవన్నీ డివిజన్ 3. "డీ3 అంటే తక్కువ" అనుకునే మన బంధువులకు ఈ పేర్లు చెబితే చాలు. వీటిలో పై జట్లకు 8.5 నుంచి 9.5 కావాలి, మధ్య జట్లకు 7.5 తోనూ అవకాశం ఉంటుంది.

ఇక్కడ పద్ధతి వేరు. పదకొండో తరగతి అయ్యాక, జూలై 1 తర్వాత, కోచ్ అమ్మాయి మార్కులు, తీసుకున్న సబ్జెక్టులు, టెస్ట్ స్కోరు అడ్మిషన్స్ వాళ్లకు ముందుగానే చూపించి అభిప్రాయం తీసుకుంటాడు. దీన్ని ప్రీ-రీడ్ అంటారు. అది బాగుందంటే దారి తెరిచి ఉందని అర్థం, సీటు వచ్చిందని కాదు. తర్వాత కోచ్ "ఎర్లీ డెసిషన్‌లో (ఒకే కాలేజీకి ముందుగా అప్లై చేసే పద్ధతి) అప్లై చేస్తే నా మద్దతు ఉంటుంది" అంటాడు. ఎర్లీ డెసిషన్‌లో సీటు వస్తే చేరి తీరాలి, కాబట్టి ఖర్చు అంచనా దానికి ముందే చేతిలో ఉండాలి. కోచ్ మద్దతు బలం కూడా కాలేజీని బట్టి మారుతుంది. ఎమ్ఐటీ, కాల్‌టెక్‌లో కోచ్ మాట ఫైలులో ఒక మంచి మాట మాత్రమే. అమ్మాయి సూటిగా అడగాలి: "మీరు మద్దతిచ్చి, ప్రీ-రీడ్ బాగున్నవాళ్లలో గత మూడేళ్లలో ఎంత మందికి సీటు వచ్చింది?" నిజాయతీ గల కోచ్ అంకె చెబుతాడు.

అర్హత నిబంధనల్లో ఎక్కువగా జారిపడే చోటు ఒకటుంది. డివిజన్ 1 కి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. 16 లో పది పన్నెండో తరగతి మొదలయ్యేలోపు అయిపోవాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు. 3.9 ఉన్న అమ్మాయికి మార్కులు సమస్య కాదు. ప్రాక్టీస్ కోసం ఆన్‌లైన్ స్కూల్‌కి మార్చాలనుకుంటే మాత్రం ఆ స్కూల్ కోర్సులు ఎన్‌సీఏఏ ఆమోదిత జాబితాలో ఉన్నాయో లేదో ముందే చూడండి. లేకపోతే ఆ ఏడాది చదివింది లెక్కకు రాదు. ఎన్‌సీఏఏ 2023 లో టెస్ట్ స్కోరు నిబంధన తీసేసింది కదా అని ఎస్ఏటీ వదిలేయకండి. ఎమ్ఐటీ, హార్వర్డ్, బ్రౌన్, డార్ట్‌మత్ మళ్లీ తప్పనిసరి చేశాయి. ప్రీ-రీడ్‌కి స్కోరు లేకుండా వెళ్లడం వట్టి చేతులతో వెళ్లడమే.

మెయిల్స్ అమ్మాయే రాయాలి, తన సొంత మెయిల్ ఐడీ నుంచి. మీరు అక్షరదోషాలు చూసిపెట్టొచ్చు, అంతే. సబ్జెక్ట్ లైన్‌లో హైస్కూల్ ముగించే ఏడాది, పేరు, యూటీఆర్, జీపీఏ. లోపల ఎనిమిది, పది వాక్యాలు: ఈ కాలేజీయే ఎందుకు, రాబోయే మూడు టోర్నమెంట్ల తేదీలు, వీడియో లింకు. వీడియోలో సంగీతం, స్లో మోషన్ వద్దు. కోర్టు వెనక నుంచి, కాస్త ఎత్తులో, రెండువైపులా కనిపించేలా తీసిన ఆరేడు నిమిషాల మ్యాచ్ ఆట, మధ్యలో ఓడిన పాయింట్లు కూడా ఉండాలి. ముప్పై, నలభై కాలేజీలకు రాస్తే పది జవాబులు రావడం మామూలే. ఆరు వారాలకోసారి కొత్త ఫలితాలతో మళ్లీ రాయాలి, మూడుసార్లకూ జవాబు లేకపోతే ఆ పేరు వదిలేయాలి. "ఇంకా చూస్తున్నాం" అని వస్తే రెండో జాబితాలో ఉన్నట్టు. అప్పుడు అమ్మాయి "మా ఏడాదికి మీకెన్ని స్థానాలున్నాయి, ఎప్పటికి తేలుస్తారు" అని మర్యాదగా అడగొచ్చు. వేల డాలర్లు తీసుకుని కోచ్‌లతో పరిచయం చేయిస్తామనే సర్వీసులు చేసేది చాలావరకు ఈ మెయిల్స్ పంపడమే.

టోర్నమెంట్లలో కోచ్ కోర్టు బయట కూర్చున్న తల్లిదండ్రులను కూడా చూస్తాడు. పాయింట్ పోయినప్పుడు అమ్మాయి మీ వైపు చూస్తోందా, బ్యాగ్ ఎవరు మోస్తున్నారు, ఓడిన వెంటనే పాఠం మొదలైందా అన్నవి అతను గుర్తుపెట్టుకుంటాడు. విజిట్‌లో మొదటి ప్రశ్నలు అమ్మాయివి కావాలి. డబ్బు మాట మీది, కానీ ఆఫర్ మొదలయ్యాకే.

మీ ఆవిడా మీరూ కూర్చుని తేల్చుకోవాల్సింది ఆశ ఎంత అన్నది కాదు, ఏడాదికి మీరు ఎంత కట్టగలరన్న అంకె. ఆ అంకె ఇప్పుడే అమ్మాయికి చెప్పండి. అది తెలిస్తే తన జాబితా తనే సరిగ్గా తయారు చేసుకుంటుంది. ఏ జట్టూ కుదరకపోయినా పెద్ద యూనివర్సిటీల్లో క్లబ్ టెన్నిస్ ఉంది, మంచి స్థాయి మ్యాచ్‌లు ఆడతారు. ఆ మాట కూడా జాబితా చివర రాసిపెట్టండి, ఓటమిగా కాకుండా ఇంకో దారిగా.

ఇక ఆ రెండు క్యాంపులు. పైన చెప్పిన రోస్టర్ లెక్క ఆ రెండు కాలేజీలకూ ముందు చేయండి. ఆరో స్థానం 8.8 లోపు ఉండి, అమెరికన్ హైస్కూల్ అమ్మాయిలను తీసుకునే అలవాటుంటే ఒకదానికి పంపండి. కోచ్ కళ్ల ముందు రెండు రోజులు ఆడటం పనికొస్తుంది. లేదంటే ఆ ఫీజుతో, ఆ వారాంతంలో తనకంటే బలమైనవాళ్లు ఆడే ఒక టోర్నమెంట్‌కి తీసుకెళ్లండి.